విన్నది విన్నట్టు

"పన్నెండింటికి జీపు కదులుతుంది. అందులో ఆవిడ ఉంటుంది. ఆలోపు నీ తిప్పలేవో నువ్వు పడు," అన్నాడు ఇస్త్రీ.

గోడ గడియారంలో టైము పదీ పది. కోట చూడ్డానికి వచ్చేవాళ్ళకి తాళ్ళతో కొండ దిగడం నేర్పే బడి అది. పాత రాతి ఇల్లు, ఒకటే గది. గోడల నిండా మేకులకి తాళ్ళ చుట్టలు, నడుం పట్టీలు, హెల్మెట్లు. మధ్యలో బల్ల. బల్ల మీద ఒక కాగితం, దాని మీద ఇస్త్రీ చేతిరాత, పక్కన మూత తీసిన పెన్ను. బల్లకి అవతల పిడికిలి.

ఇస్త్రీ అంటే ఈ ఊరి ఇన్‌స్పెక్టరు. నేనూ వాడూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరాం. నేను విసుగెత్తి బయటికొచ్చి డిటెక్టివునయ్యాను, వాడు ఉండిపోయాడు. పాతికేళ్ళలో వాడి చొక్కా మడత నలగడం నేను చూడలేదు, వాడు తన మాట వెనక్కి తీసుకోవడమూ చూడలేదు.

పిడికిలి అంటే ఈ బడి నడిపే ఆవిడ. నలభై ఉంటాయి. పదహారేళ్ళుగా తాడు పట్టుకుంటోంది. పట్టిందంటే వదలదని ఊరు పెట్టిన పేరది. నిన్న పొద్దున పదీ నలభైకి ఆవిడే తాడు వదిలింది. నలభై అడుగుల పైనుంచి ఒక మనిషి పడ్డాడు. కింది ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు.

పడినవాడు అక్కాబావలతో కలిసి సరదాగా నాలుగు రోజులు గడుపుదామని వచ్చాడు. నిన్న మధ్యాహ్నం వాళ్ళక్క నాకు ఫోన్ చేసింది. "తప్పు మా తమ్ముడిదే అంటున్నారు సార్. వాడు ఏ పనైనా రెండుసార్లు చదివి గానీ చెయ్యడు," అంది. నేను బస్సెక్కి నడుం విరగ్గొట్టుకుంటూ వచ్చాను. కొండలంటే నాకు గిట్టదు. నా బరువుకి మేడమెట్లే ఎక్కువ.

"ఆ కాగితంలో ఏముందో చదివావా అమ్మా?" అని పిడికిలిని అడిగాను.

"చదివాను సార్. నాకు తప్పుగా వినబడి తాడు వదిలేశానని ఉంది."

"నిజమేనా?"

ఆవిడ తన అరచేతుల వంక చూసుకుంది. "నాకు 'వదిలా' అనే వినబడింది సార్. కానీ అవతల మనిషి పడిపోయాడు. ఇక నా చెవుల మీద నాకేం నమ్మకం ఉంటుంది?"

"వదిలా అంటే?"

"తాడు మీద మావి నాలుగే మాటలు సార్. ఆపు, బిగించు, ఇవ్వు, వదిలా. తాడు ఇంకొంచెం కావాలంటే 'ఇవ్వు' అనాలి. కాళ్ళు ఆనించి, నడుం నుంచి తాడు విప్పేసుకున్నాక 'వదిలా' అనాలి. ఆ మాట వింటేనే నేను, జారకుండా పట్టి ఉంచే బ్రేకులోంచి తాడు తీసేస్తాను."

"బిగుతుగా ఉంటే 'వదులు' అనరూ? నేనైతే అదే అంటాను."

"అందుకే ఆ మాట అననివ్వం. కాస్త వదులు చెయ్యమని కింద మనిషంటాడు, వదిలెయ్యమన్నాడని పై మనిషికి వినబడుతుంది. గాలిలో 'వదులు'కీ 'వదిలా'కీ తేడా తెలీదు. మా నాన్న రోజుల్లో ఒకాయన అలాగే పోయాడు. అప్పట్నుంచి మా తాడు మీద ఆ మాట లేదు."

ఇస్త్రీ కుర్చీ వెనక్కి వాల్చాడు. "విన్నావుగా. కుర్రాడు కొత్తవాడు, కంగారులో 'వదులు' అన్నాడు. ఈవిడకి 'వదిలా' అని వినబడింది. ఒక్క అక్షరం. దానికి నువ్వు ఊళ్ళు దాటి రావాలా?"

"మధ్యలో మనిషున్నాడు కదా," అన్నాను.

ఉన్నాడు. బండ నడుమ పొట్టలా ముందుకొచ్చి ఉంటుందిట. కింద ఏం జరుగుతోందో పైనుంచి కనపడదు, మాట కూడా సరిగ్గా వినపడదు. అందుకని పక్కనున్న గట్టు మీద ఒకరు నిలబడి కింది మాట పైకి అందిస్తారు. ఎప్పుడూ ఆ పని చేసేది పిడికిలి తండ్రి. నిన్న ఆయనకి జ్వరం. "నేను నిలబడతాను" అని ముందుకొచ్చింది పడినవాడి బావ.

"ఆయనకి మాటలు నేర్పావా?"

"అరగంట నేర్పాను సార్. నాలుగు మాటలూ అప్పజెప్పారు కూడా."

"రెండు నిమిషాలు చెప్పిందనీ, ఒక్క ముక్క అర్థం కాలేదనీ ఆయన అంటున్నాడు," అన్నాడు ఇస్త్రీ.

"తాడు తీసేముందు తిరిగి అడగలేదా?"

"అడిగాను. 'వదిలాడా?' అన్నాను. 'ఆఁ' అన్నారు. తాడులో బరువు లేదు. దార్లో కావలి గూడుంది సార్, అందులో దిగి, ఇంక మావల్ల కాదని తాడు విప్పేసుకుని మెట్లమ్మట వెళ్ళిపోయేవాళ్ళు రోజుకిద్దరుంటారు. అలాగే అనుకున్నాను." ఆవిడ పెన్ను అందుకుంది. "ఎవరేమన్నా తాడు నా చేతిలో ఉంది సార్. సంతకం పెట్టేస్తాను."

నేను పెన్ను లాక్కుని, మూత పెట్టి, నా జేబులో వేసుకున్నాను.

"అది నాది," అన్నాడు ఇస్త్రీ.

"పన్నెండింటికి ఇస్తాను," అన్నాను.

బావ బయట అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, మెత్తటి గొంతు, రాత్రంతా నిద్రలేని కళ్ళు. నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఇలాంటి మర్యాదస్తులంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట.

"ఆ మాటలన్నీ నాకేం తెలుసు సార్. నేను చూడ్డానికి వచ్చినవాణ్ణి. నిలబడమంటే నిలబడ్డాను. వాడు 'వదులు' అన్నాడు, నేనూ 'వదులు' అన్నాను. విన్నది విన్నట్టు చెప్పాను."

"పైనుంచి ఆవిడ ఏదో అడిగిందిట?"

"'వదులేనా?' అని అడిగిందనుకుని 'ఆఁ' అన్నాను. నా ఖర్మ."

"బావమరిదితో మాటలున్నాయా?"

గ్లాసు దింపాడు. "వాడు నా సొంత తమ్ముడి లెక్క."

అబద్ధం. పొద్దున ఏడింటికే ఆ తమ్ముడి స్నేహితుడితో ఫోన్లో మాట్లాడాను. ఈ పెద్దమనిషికి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం ఉంది, మూడేళ్ళ పాపతో సహా. తమ్ముడికి అది తెలిసి పది రోజులైంది. 'కొండ దిగి ఇంటికెళ్ళేలోపు అక్కకి నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తాను' అని గడువు పెట్టాడు. ఆ సంగతి ఇస్త్రీ చెవిన వేస్తే, "రెండో కాపురం ఉన్నవాళ్ళందరూ హంతకులైతే నా లాకప్పు సరిపోదు," అని కొట్టిపారేశాడు. అక్కకి మాత్రం నేనింకా చెప్పలేదు. ఫీజు తీసుకున్న మనిషిని, నోరు పెగల్లేదు.

పది యాభైకి కావలి గూట్లో ఉన్నాను. పాతకాలంలో కాపలావాళ్ళు కూర్చోడానికి బండలో తొలిచిన చిన్న గది అది. వెనక మెట్లు, ముందు గోడ లేదు, కింద నలభై అడుగుల గాలి. అంచుకి వెళ్ళకుండా గోడకి బల్లిలా అతుక్కుని వెతికాను. అక్క నా వెనకే వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, నిన్నటి చీరే కట్టుకుని ఉంది.

"ఇదిగో సార్," అంది.

గూటి గోడ మీద, దిగే మనిషి మొహానికి ఎదురుగా, ఎర్ర రంగుతో జానెడు అక్షరాలు. ఆపు. బిగించు. ఇవ్వు. వదిలా. వాటి కింద గీత గీసి, 'వదులు అనే మాట అనవద్దు'.

నేల మీద దుమ్ములో బూటు గుర్తులున్నాయి. రెండు పాదాలూ గోడ వైపుకే తిరిగి ఉన్నాయి, మడమలు అంచుకి బెత్తెడు దూరంలో. తమ్ముడు తాడు విప్పుకుని మెట్ల వైపు రాలేదు. ఈ అక్షరాలకి ఎదురుగా నిలబడి, తాడు కోసం అడిగి, అది వదులవగానే ఇచ్చారనుకుని వెనక్కి వాలాడు.

"వాడు చదువుతాడు సార్. మందుసీసా మీద కాగితం కూడా మొత్తం చదువుతాడు," అంటూ అక్క గోడకి ఆనుకుని ఏడ్చింది.

ఇస్త్రీ ఆయాసపడుతూ మెట్లు దిగి వచ్చాడు. గుర్తులు చూపించాను, అక్షరాలు చూపించాను.

"అయితే?"

"అనమని రాసి ఉన్న మాట వదిలేసి అనొద్దన్న మాట అంటాడా?"

"ప్రాణభయంలో ఎవడూ చదవడు. నోటికేదొస్తే అది అరుస్తాడు. నువ్వయినా అంతే."

"నేనయినా అనకు."

"అంటాను. గదిలో కూర్చుని తర్కాలు చెప్పడం నీకలవాటు. తాడుకి వేలాడు, అప్పుడు తెలుస్తుంది."

నాకు తిక్క రేగింది. ఇలా రేగే ఉద్యోగం వదులుకున్నాను, అయినా బుద్ధి రాలేదు. "సరే, వేలాడతాను. ఆవిడే తాడు పట్టుకుంటుంది. బావే మాట అందిస్తాడు. నువ్వు ఆయన పక్కన గట్టు మీద నిలబడి రెండు చెవులతో విను. ఆవిడకి మళ్ళీ తప్పు వినబడిందో, నీ కేసు గట్టిపడుతుంది."

ఇస్త్రీ వాచీ చూసుకున్నాడు. "నీ చావు నా కేసులోకి రాకుండా ఉంటే చాలు," అన్నాడు.

బురుజు మీద చిన్న రాతి గుమ్మం ఉంది. బండ అంచు నుంచీ గట్టు నుంచీ బయటికి దారి అదొక్కటే. పిడికిలి ఎప్పుడూ ఆ గుమ్మంలోనే కూర్చుని, రెండు కాళ్ళూ చెరో కమ్మీకి తన్నిపెట్టి తాడు పడుతుంది. నేను పట్టీ బిగించుకుని ఎదురుగా నిలబడితే ఆవిడ తాడు ముట్టుకోలేదు.

"నావల్ల కాదు సార్. ఇంకోసారి అలా జరిగితే..."

"ఏమ్మా, నేను వంద కిలోలున్నానని భయమా?"

"నవ్వించకండి. నిన్న ఆయన కూడా ఇక్కడే నిలబడి నవ్వారు."

"చూడమ్మా. నువ్వు సంతకం పెడితే నిన్నటి సంగతి అక్కడితో సరి. నిజంగా తప్పు వినబడిందో లేదో నీకెప్పటికీ తెలీదు. జైల్లో కూర్చుని కూడా నీ చెవుల్ని నువ్వే తిట్టుకుంటావు. నాకైతే నీ చెవుల మీద నమ్మకం ఉంది."

నమ్మకం ఉందో లేదో నాకే తెలీదు. ఆవిడ తాడు బ్రేకులో వేసి, రెండుసార్లు లాగి చూసింది.

నా పథకం ఇదీ. గూట్లో దిగి, తీరిగ్గా నిలబడి, గోడ మీదున్న 'ఇవ్వు' అనే మాట అరవాలి. ఆ మాట పైకి ఎలా చేరుతుందో ఇస్త్రీకి వినిపించాలి. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

పదకొండు ఇరవైకి అంచు దాటాను. ఎడమ పక్క గట్టు మీద బావ, ఇస్త్రీ నిలబడి ఉన్నారు. గూట్లోంచి అక్క తల బయటికి పెట్టి చూస్తోంది. మొదటి ముప్పై అడుగులు బాగానే గడిచాయి, అంటే కళ్ళు మూసుకున్నాను. తరవాత బండ పొట్ట దాటేసరికి కాళ్ళకి రాయి తగలడం మానేసింది. ఒక్కసారిగా గాలిలో తేలాను. పట్టీ తొడల్లోకి దిగిపోయింది, ఊపిరి ఆగింది. గూటి నేల నా పాదాలకి అడుగు కింద ఉంది. అందితే ప్రాణం లేచొస్తుంది, అందదు. కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పథకం, గోడ మీద అక్షరాలు, పోలీసు శిక్షణ, అన్నీ ఎగిరిపోయాయి. నా నోట్లోంచి వచ్చిన మాట ఒకటే.

"వదులు! వదులు!"

అరిచాక తెలిసింది, ఏమన్నానో. ఇస్త్రీ చెప్పిందే నిజమైంది. ప్రాణభయంలో ఎవడూ చదవడు. నా నోటితో నేనే పిడికిలిని జీపెక్కించాను.

అప్పుడు గట్టు మీదినుంచి బావ గొంతు, ఆదరంగా, క్షణం ఆలస్యం లేకుండా వినపడింది.

"ఇవ్వు! సార్‌కి కొంచెం ఇవ్వు!"

పైనుంచి తాడు మెత్తగా నాలుగైదు అడుగులు వచ్చింది. కంగారులో ఊగిపోయి గూటి నేల తప్పిపోయాను. అంచు నా ఛాతీకి తగిలింది. మోచేతులు అంచు మీద, మిగతాదంతా గాలిలో. అక్క మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి.

"మీరు 'వదులు' అన్నారు," అంది నెమ్మదిగా.

"అన్నానమ్మా."

"ఆయన 'ఇవ్వు' అన్నారు."

"అవును."

"మాటలు తెలీవన్నారుగా. విన్నది విన్నట్టు చెప్పానన్నారుగా."

గట్టు మీద ఇస్త్రీ కూడా అదే లెక్క వేస్తున్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. "ఏవండీ, ఆయన ఏమన్నాడు, మీరేమన్నారు?"

బావ ఒకడుగు వెనక్కి వేశాడు. ఇస్త్రీ వదల్లేదు.

"తప్పు మాట అంటే ఒప్పు చేసి అందించారు. నేర్పకపోతే ఎలా వచ్చింది? ఇవాళ దిద్దినవాళ్ళు నిన్నెందుకు దిద్దలేదు?"

దిద్దకేం. దిద్దాడు. తమ్ముడు 'ఇవ్వు' అని ఒప్పుగానే అడిగితే, దాన్ని 'వదిలా' అని మార్చి అందించాడు. పోలీసు పక్కనుండగా ఇంకో మనిషి పడితే తన పీకల మీదికొస్తుందని, నా మాట గబుక్కున సరిచేశాడు. నిన్న చంపబోయిన తెలివే ఇవాళ జాగ్రత్తపడి నోరు జారింది.

"ఏమండీ," అని అక్క గూట్లోంచి అడిగింది. గొంతు పెద్దగా లేదు గానీ గాలి దాన్ని మోసుకెళ్ళింది. "నిన్న మా తమ్ముడు ఏ మాటన్నాడు?"

బావ ఆవిడ వంక చూశాడు. తరవాత ఇస్త్రీని రెండు చేతులా బండకేసి తోసి పరిగెత్తాడు. గట్టు మీదినుంచి దారి పైకే. పైన ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గుమ్మానికి అడ్డంగా కాళ్ళు తన్నిపెట్టి, నా బరువు మొత్తం చేతుల్లో పెట్టుకుని, పిడికిలి ఒక్కతే కూర్చుని ఉంది.

"దారి వదిలెయ్యమ్మా!" అని నేను అరిచాను. పొట్ట అవతలికి నా మాట చేరదు. మాట అందించేవాడే పరిగెడుతున్నాడు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ బలానికి నేను ఆగనని ఇద్దరికీ తెలుసు. పైన బూట్ల చప్పుడు. "లే, లే అక్కణ్ణుంచి" అనే అరుపు. ఆ మెత్తటి గొంతే, ఇప్పుడు గుర్తుపట్టలేకపోయాను. దెబ్బ చప్పుడు, ఒకటి, ఇంకొకటి. నా హెల్మెట్ మీద గులకరాళ్ళు రాలాయి. పక్కకి దొర్లితే ఆవిడ బతికిపోతుంది, చెయ్యవలసిందల్లా చెయ్యి తియ్యడమే. నేను కళ్ళు మూసుకుని తాడు జారడం కోసం ఎదురుచూశాను. చచ్చేంత భయమేసింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

తాడు జారలేదు.

ఎంతసేపో తెలీదు. ఇస్త్రీ ఆయాసం, పెనుగులాట, సంకెళ్ళు పడిన చప్పుడు వినపడ్డాయి. కాసేపటికి గట్టు మీద వాడి తల కనపడింది. చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది.

"ఏమనమంటావో సరిగ్గా చెప్పు," అన్నాడు. "నేను అందిస్తాను."

"ఇవ్వమను," అన్నాను.

"ఇవ్వు," అని వాడు పైకి అరిచాడు. తాడు వచ్చింది. ఒక్కో అడుగూ, కుదుపు లేకుండా, నేల దాకా.

పన్నెండింటికి జీపు బయల్దేరే ముందు పిడికిలి కిందికి వచ్చింది. కుడి చేతికి ఎవరిదో రుమాలు చుట్టి ఉంది. బూటు మడమతో తొక్కాడుట, రెండు వేళ్ళు విరిగాయి. ఇస్త్రీ ఆ కాగితం ఆవిడ ఎదుటే నాలుగు ముక్కలు చేసి, నా వైపు చెయ్యి చాచి తన పెన్ను తీసుకున్నాడు. జీపు వెనకసీట్లో బావ తల దించుకుని కూర్చున్నాడు. అక్క జీపు వంక చూడలేదు. నా దగ్గరకొచ్చి, "ఎందుకు చేశాడో మీకు తెలుసు కదా సార్. ఆసుపత్రికి వెళ్తూ దార్లో చెప్పండి, అంతా చెప్పండి," అంది. చెప్తానన్నాను.

నేను ఇంకా పట్టీ విప్పుకోలేదు. హుక్కు ఊడటం లేదు. పిడికిలి వంగి ఎడమచేత్తో దాన్ని విప్పసాగింది.

"ఎందుకమ్మా, వాడు అలా తొక్కుతుంటే వదిలెయ్యకుండా?" అన్నాను.

ఆవిడ తలెత్తి, నేనేదో అర్థంపర్థంలేని మాట అడిగినట్టు చూసింది.

"మీరు 'వదిలా' అనలేదుగా సార్."